గోళ్ల రంగు గీత

సౌత్ బెండ్, ఇండియానా
జూన్ 1979

జెన్ అక్కకి,

మఠంలో నిన్ను అందరూ సిస్టర్ క్లెమెంటియా అంటారని తెలుసు. ఈ ఉత్తరం సిస్టర్‌కి కాదు, మా జెన్ అక్కకి. సిస్టర్ చదివితే వెంటనే నా కోసం మోకరిల్లుతుంది. నాకిప్పుడు ప్రార్థనలు వద్దు, వినే మనిషి కావాలి.

నాన్న అంత్యక్రియల రోజు నువ్వు సమాధి దగ్గర్నుంచే బస్సెక్కి వెళ్లిపోయావు. ఆ తర్వాత జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనూ ఇన్ని నెలలు రాయలేదు. కలం పడితే బూతులు తప్ప ఏమీ వచ్చేలా లేవు. చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టారు. కోడి మాంసం, నూడుల్స్, సాసేజీలు వడ్డిస్తుంటే మన తమ్ముడు చెస్టర్ లేచి, "ఐస్ అయిపోయింది, తెస్తానుండండి" అని బయటికి పోయాడు. ఐస్ రాలేదు, వాడూ రాలేదు. నేను ఇంటికొచ్చి షెడ్డు తలుపు తీస్తే నాన్న కారు బానెట్ తెరిచి ఉంది. ఇంజిన్ ఉండాల్సిన చోట నేల కనబడుతోంది. దూలానికి కట్టిన చైన్ పుల్లీ ఇంకా ఊగుతోంది. మనం ఆయన మీద మట్టి వేసి వచ్చి చేతులన్నా కడుక్కోక ముందే వాడు ఆ పని చేశాడు.

నాన్న వీలునామాలో కారు వాండాకి, అంటే నాకు, అని రాశాడు. అది నీకూ తెలుసు, వాడికీ తెలుసు. వాడింటికి వెళ్లి అడిగితే వరండాలో కూర్చుని బీరు తాగుతూ సమాధానం చెప్పాడు.

"నాన్న నీకు కారిచ్చాడక్కా. కారు అక్కడే ఉందిగా. ఇంజిన్ ఇస్తున్నానని ఎక్కడ రాశాడు?"

"ఇంజిన్ లేంది కారేంట్రా?"

"నువ్వు బడి బస్సు తోలుకునేదానివి. నీకంత ఇంజిన్ దేనికే? అందులో కోళ్లు పెంచుకో."

అక్కా, ఆ స్టూడీబేకర్ కారు నాన్న పనిచేసిన ఫ్యాక్టరీలోనే తయారైంది. ఆ ఇంజిన్ బిగించింది ఆయన చేతులే. ఫ్యాక్టరీ గేట్లకి తాళాలు పడి, వీధిలో మగవాళ్లంతా పగలే గుమ్మాల్లో కూర్చున్న రోజుల్లో ఆయన దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకుంటూ పిచ్చెక్కకుండా బతికాడు. పక్కన దీపం పట్టుకుని నిలబడింది నేను. చెస్టర్ ఏనాడూ షెడ్డులోకి తొంగి చూడలేదు. ఇప్పుడు దాన్ని ఒక తేలిక బండిలో పెట్టి, శనివారాలు రేసుల్లో గెలుస్తూ, "మా నాన్న ఇంజిన్" అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

నేనూ ఊరుకోలేదు. మా డిపోలో ఒక ముసలి బస్సు తుక్కు కింద పోతుంటే దాని ఇంజిన్ అడిగి తెచ్చాను. స్టూడీబేకర్‌లో అది పట్టదు. కమ్మీలు కోసి, అతుకులు వేసి, చలికాలమంతా కుస్తీ పట్టి దించాను. నాన్న స్నేహితుడు ఫ్రాంక్ చూసి తల కొట్టుకున్నాడు. "స్టూడీబేకర్‌లో వేరేవాళ్ల ఇంజినా? మీ నాన్న స్టాన్ చూశాడంటే సమాధిలోంచి లేచొస్తాడే." "రానివ్వు ఫ్రాంక్, ముందు చెస్టర్ ఇంటికి దారి చూపిస్తాను" అన్నాను.

మా రేసు దారిలో ఎవరి బండి ఎంతసేపట్లో ముగింపు గీత చేరుతుందో వాళ్లే అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది బండిని ముందు వదులుతారు, వేగం బండి వెనకనుంచి తరుముకు రావాలి. రాసిన మాటకి బండి కట్టుబడి ఉండాలి, అంతకన్నా తొందరగా వచ్చినా ఓటమే, అదే అసలు పందెం. రోజూ ఒకే వీధి మలుపులో ఒకే నిమిషానికి పిల్లల్ని ఎక్కించుకునేదాన్ని, నాకది చిన్నప్పటినుంచి అలవాటైన పనిలా ఉంది. నా బస్సు ఇంజిన్ ఎవరినీ భయపెట్టదు గానీ ఎప్పుడూ మాట తప్పదు. శుక్రవారం చర్చిలో చేపల విందు దగ్గర అందరి ముందూ చెస్టర్ ఒక మాట అన్నాడు. "ఆగస్టు పందెంలో ఆ బస్సుతో నన్ను ఓడించు, నాన్న ఇంజిన్ నీ వాకిట్లో దించి పోతా." "సరే" అన్నాను. వాడు ఏ జనం ముందు ఆ మాట అన్నాడో ఆ జనం ముందే తల దించుకుని నడవాలి. నాకు కావలసింది అది.

ఇంకో సంగతి. వాడు ఇంజిన్ పట్టుకుపోయాడు గానీ మీటర్ల పలక నా దగ్గరే వదిలేశాడు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటరు అద్దం మీద, అమ్మ గోళ్ల రంగుతో నాన్న గీసిన ఎర్రగీత నీకు గుర్తుందా? "ముల్లు ఇది దాటిందంటే లోపల కడ్డీలు తట్టుకోలేవు, గుర్తుపెట్టుకో" అనేవాడు నాతో. చెస్టర్‌కి ఆ గీత సంగతే తెలియదు. ఇన్నాళ్లూ వాడు దాటకుండా ఉండటం వాడి అదృష్టం. నేను చెప్పలేదు, చెప్పను.

నీ చెల్లెలు,
వాండా


విస్కాన్సిన్
జూలై

చెల్లీ వాండా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి సిస్టర్‌గా, ఒకసారి అక్కగా. సిస్టర్ అనేది, క్షమించమని. చెప్పాల్సింది చెప్పాను, వినేదానివి కాదని తెలుసు.

పందెం సంగతి నీ ఇష్టం. ఎర్రగీత సంగతి మాత్రం దాచకు. తెలిసీ చెప్పకపోవడం పాపం, వాడికి ఏమైనా అయితే నువ్వు బతికినన్నాళ్లూ మోయాలి. పందెం రోజునే చెప్పు, బండ్లు వరసలో నిలబడ్డాక, పక్కన నలుగురూ వింటుండగా. నీ నోటితోనే చెప్పు. అప్పుడు నీ వంతు పని నువ్వు చేసినట్టే.

ఇది రాస్తుంటే ఎందుకో చిన్నప్పటి వంటిల్లు గుర్తొచ్చింది. పొయ్యి కాలుతోంది, ముట్టుకోవద్దని అమ్మ అన్న మరుక్షణమే చెస్టర్ అరచెయ్యి దాని మీద ఆనించాడు. ఎంత ఏడ్చాడో పాపం.

ప్రభువు కృపలో,
సిస్టర్ క్లెమెంటియా


సౌత్ బెండ్
ఆగస్టు

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొల్లు పోకుండా చేశాను.

చివరి పందెం మా ఇద్దరికే పడింది. వరసలో నా పక్కన వాడు, మోచెయ్యి కిటికీలో పెట్టుకుని నవ్వుతున్నాడు. ఫ్రాంక్, మా డిపో వాళ్లు, చర్చి వాళ్లు తీగ కంచె వెనక నిలబడ్డారు. "ఏమే అక్కా, తర్వాతి స్టాపు ఎక్కడ?" అన్నాడు. జనం నవ్వారు. నేను బండి దిగి వాడి కిటికీ దగ్గరికి వెళ్లాను.

"చెస్టర్, నాన్న మీటరు మీద ఒక గీత గీశాడు. ఇంజిన్‌ని అది దాటించకూడదన్నాడు. దాటిస్తే పగిలిపోతుంది." ఆ గీత ఏ అంకె దగ్గరుందో కూడా చెప్పాను.

వాడు కంచె వైపు తిరిగి గట్టిగా, "విన్నారా? బస్సు ఆవిడకి అప్పుడే కాళ్లు వణుకుతున్నాయి. నన్ను మెల్లగా రమ్మంటోంది" అన్నాడు.

"చెప్పాల్సింది చెప్పాను."

"నాన్న నాకే చెప్పనిది నీకు చెప్పాడా? వెళ్లి కూర్చో, వెళ్లు."

ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది, వాడు దాటిస్తాడని. ఇన్ని శనివారాలు దాటించనివాడు ఈ రోజు దాటిస్తాడు. ఎందుకంటే వద్దన్నది నేను, అన్నది నాన్న పేరు చెప్పి.

నన్ను ముందు వదిలారు. అక్కా, నిజం చెప్తున్నాను, పచ్చదీపం పడ్డాక నేను కదలడంలో ఆలస్యమైంది. వాడు ప్రతి శనివారం వచ్చినట్టు వచ్చి ఉంటే గెలిచేవాడే. వాడు అలా రాలేదు. వెనక నాన్న ఇంజిన్ అరుపు వినబడింది. ఆ గొంతు నాకు చిన్నప్పటినుంచి తెలుసు, కానీ అంత పైకి వెళ్లడం ఎప్పుడూ వినలేదు. నా తలుపు పక్కకి వాడి ముందు చక్రం వచ్చింది. అప్పుడు పగిలింది. అద్దంలో తెల్లటి పొగ, నూనె, ఆ పొగలో పక్కకి జారిపోతున్న వాడి బండి కనిపించాయి. నేను కాలు తియ్యలేదు. ముగింపు గీత దాటాకే ఆపాను.

వాడికేమీ కాలేదు. బండి దిగి పొగ మధ్య నిలబడ్డాడు. జనం ఒక్కరూ నవ్వలేదు. వాడు ఆ కంచె పక్కనుంచే తల దించుకుని నడిచి వెళ్లాడు. ఇన్ని నెలలు నేను కళ్లు మూసుకుని చూసుకున్నది అదే. కళ్లారా చూశాను. బాగుంది. నీకు అబద్ధం రాయను, చాలా బాగుంది.

తర్వాతి ఆదివారం మాట ప్రకారం ట్రక్కులో వేసుకొచ్చాడు. ఇంజిన్ పక్కన పిడికిలి పట్టేంత కన్నం. విరిగిన కడ్డీ బయటికి వచ్చింది. నాన్న చేతులు తాకిన ఇనుము అలా నోరు తెరుచుకుని ఉంది. దాన్ని చూసేదాకా నాకు ఏడుపు రాలేదు.

"ఎక్కడ దించమంటావు?" అన్నాడు వాడు. నా మొహంలోకి చూడలేదు.

"నాన్న నాకు కారిచ్చాడ్రా. కారు అదిగో, నడుస్తోంది. ఇంజిన్ ఇచ్చాడని ఎక్కడ రాశాడు?"

వాడి పెదవి వణికింది, పొయ్యి మీద చెయ్యి పెట్టిన రోజు వణికినట్టే. తర్వాత ట్రక్కెక్కి దాన్ని తీసుకునే వెళ్లిపోయాడు. నేను పిలవలేదు.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. చెప్పమన్నావు, చెప్పాను, కాబట్టి నాకు పాపం అంటదు. మంచిదే. మరి పొయ్యి కథ ఎందుకు రాశావు? నలుగురూ వినేలా చెప్పమని ఎందుకన్నావు? ఆ ఉత్తరం నువ్వు ప్రార్థన చేసుకున్నాక రాశావా, ముందే రాశావా?

వాండా


విస్కాన్సిన్
సెప్టెంబరు

చెల్లీ,

ముందే రాశాను. తర్వాత మాత్రం పందెం అయ్యేదాకా రోజూ ప్రార్థించాను, వాడి ఒంటికి దెబ్బ తగలకూడదని. ఇంజిన్ గురించి ఏమీ అడగలేదు.

అక్క,
జెన్