మక్కచేను గట్టున గురి

మంగళవారం, రాత్రి

కొత్త ఎయిర్ రైఫిల్ కొనే స్తోమత లేక, పాతదానికే నెల రోజులు కూర్చుని ప్రాణం పోశాను. చెక్క భాగం ఆర్మూర్ వడ్లాయన టేకుతో చేసిచ్చాడు. స్కోప్ సెకండ్‌హ్యాండ్‌ది.

ఇవాళ కమ్మర్‌పల్లిలో మా మక్కచేను గట్టున కాగితం టార్గెట్ కట్టి, దూరం నుంచి గురి సరిచూసుకుంటున్నాను. అంతలో మొక్కజొన్న కంకుల కోసం చేలోకి కోతుల గుంపు దిగింది.

"కాగితాన్ని ఏం కొడ్తవ్ రా, గవాటిని బెదిరియ్యి," అన్నాడు పక్కనే గట్టు మీదున్న మా బాపు.

పెద్ద కోతి పక్కనున్న కొమ్మకు గురిపెట్టాను. స్కోప్ ఇంకా కుదరలేదని నాకు తెలుసు. గుండు కొమ్మకు తగల్లేదు. కోతి కిందపడి, కాసేపు నా వైపే చూసి, కదలడం మానేసింది.

అరగంటలో ఊరు కదిలింది. మంగళవారం నాడు ఆంజనేయుడు పోయాడని పసుపు, కుంకుమ, దండలు తెచ్చారు. డప్పు కొట్టించారు. పాడె ముందు వైపు బాపే పట్టాడు. "కరెంటు తీగ తాకింది," అని అడిగినవాళ్లందరికీ తనే చెప్పాడు. నేను వెనకాల నడిచాను. కొబ్బరికాయ కూడా కొట్టాను. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. స్కోప్ మర ఎటు ఎంత తిప్పాలో మాత్రం దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

స్నానాలయ్యాక అవ్వ అన్నం పెట్టింది. బాపు నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"గుంపు ఇంకా గాడనే ఉన్నది. పొద్దుగాల వస్తవా?"

"స్కోప్ సక్కగ చేసుకొని వస్త బాపు," అన్నాను.