పెరిగినవాళ్ళ పేర్లు

12 జూలై 1943, సోమవారం. పుంగనూరు.
మా ఎలిమెంటరీ స్కూల్లో మధ్యాహ్న భోజనం మొదలై వారమైంది. కరువు రోజులు. రాగిసంగటి, ఉలవచారు. నేను పాఠాలు చెప్పే ఒకటో క్లాసు పిల్లలు ఆకు ముందు కూర్చుని ముద్ద వంక చూస్తారు, ముట్టరు. ఇంట్లో గంజికి కూడా గతిలేని పిల్లలు వీళ్ళు. హెడ్మాస్టర్ రామమూర్తిగారు ఇదంతా కులాల పట్టింపు, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. వంట చేసే గౌరమ్మ మొహం మాడ్చుకుని, నా సేతి కూటికి ఏమొచ్చిందో నువ్వే రుచి సూసి సెప్పమ్మా అంది. చూశాను. బ్రహ్మాండంగా ఉంది.

13 జూలై
బుజ్జగించాను. కథ చెప్పాను. బెదిరించాను కూడా. ఫలితం సున్నా.

15 జూలై, గురువారం
మంచి ఐడియా వచ్చింది. చింతపండు మండీ నుంచి కాటా తెప్పిస్తాను. శనివారం శనివారం తూకం. బరువు పెరిగినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తాను. పిల్లలకు పోటీ అంటే ప్రాణం కదా. హెడ్మాస్టర్‌గారు భేష్ అన్నారు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

17 జూలై, శనివారం
ఇదేం విడ్డూరం. కాటా చూడగానే పిల్లలు బిక్కచచ్చిపోయారు. బాగా తినండి, పెరిగినవాళ్ళ పేర్లు రాసుకుంటానని గట్టిగా చెప్పాను. ఏడేళ్ళ చాంద్ బాషాను తట్టలో కూర్చోబెడితే దూకి పారిపోయాడు. మిగతావాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. ఈ రెండు రోజులుగా ఒక ముద్దయినా తింటున్న ఒకరిద్దరు పిల్లలు కూడా ఇవాళ చేతులు వెనక్కి దాచుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

20 జూలై, సాయంత్రం
ప్రేయర్లో చాంద్ బాషా కళ్ళు తిరిగి పడ్డాడు. ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాను. కోడిపిల్లంత బరువు లేడు.

వాళ్ళమ్మ గుల్జార్ బీ చెప్పింది. పెద్దకొడుకు అలావుద్దీన్ రెండేళ్ళ కిందట మదనపల్లెలో మిలిటరీ సెలక్షన్‌కు పోయాడట. బరువు చాల్లేదు, బాగా తిని రమ్మన్నారట. వాడు చాలన్నా వినకుండా ఈమే అరటిపండ్లు, సంగటి తినిపించిందట. రెండోసారి కాటా ఎక్కితే బరువు సరిపోయింది. పేరు రాసుకున్నారు, లారీ ఎక్కించారు. సింగపూరు పోతాండానని ఒక జాబు. అంతే. ఆ తర్వాత సింగపూరు జపానువాళ్ళ చేతికి చిక్కింది. ఇప్పటికీ వానిది ఏ సంగతీ లేదమ్మా, నేనే నా సేత్తో తినిపించి పంపిస్తిని అంది. ఏడవలేదు.

ఆ రోజు తల్లితో మదనపల్లె పోయిన ఈ చిన్నవాడు ఆమె పక్కనే నిలబడి అంతా చూశాడట. క్లాసులో అందరికీ వాడే చెప్పాడట, మనకు ఊరికే కూడు యాల పెడతారు, బరువొస్తే తోలుకుపోయేదానికే అని.

తినమన్నాను. తూచాను. పేర్లు రాసుకుంటానన్నాను. అవే మాటలు, నా నోటితోనే.

21 జూలై
కాటా వెనక్కి పంపేశాను. పిల్లల మధ్య నేలమీద కూర్చుని తిన్నాను. ఎవరినీ ఎవరూ తీసుకుపోరని చెప్పాను. కొందరు తిన్నారు. మా అన్నకు గూడా ఏమీ కాదనే సెప్పినారు అన్నాడు చాంద్ బాషా.

23 జూలై
వాడు ఇవాళా తినలేదు. ఇలాగైతే దక్కడు. గుల్జార్ బీని రమ్మని కబురు పెట్టాను.

24 జూలై, శనివారం
వచ్చింది. కొడుకు పక్కన కూర్చుంది. తినమని ఒక్క మాట అనలేదు. వాడు ఆమె మొహమే చూస్తూ ఒక ముద్ద మింగాడు. ఇంకోటి. ఆకు ఖాళీ అయింది. ఇంకొంచెం పెట్టమని తల్లిని అడిగాడు.

ఆమె చెయ్యి లేవలేదు. గౌరమ్మ పెట్టింది.