టీ గ్లాసు చేతిలో ఉండగా

పంతులమ్మగారైన మా మనవరాలికి, నోటికి తాళం పడ్డ తాతయ్య దీవెనలు.

ముందు నా ఏడుపు విను. మీ అత్త నాకు టీ చల్లార్చి ఇస్తోంది. నా గొంతులో కాయ తీసిన డాక్టరు, నెల్లాళ్ళు మాట్లాడొద్దు, వేడివి తాగొద్దు అన్నాడు. మాటల సంగతి సరే. ఒక పలక ఇచ్చారు, దాని మీద రాసి చూపిస్తున్నాను. కానీ టీ పైన తొక్క కట్టి, లోపల కడుగునీళ్ళలా ఉంటే ఎలా తాగేది? పలక మీద "వేడి" అని పెద్ద అక్షరాలతో రాశాను. మీ అత్త చదివింది, అరచేత్తో తుడిచేసింది, వెళ్ళిపోయింది.

ఇక అసలు సంగతి. తివాచీల కొట్టులో నేను కూర్చునే దుబాసీ పీట మీద ఈ సీజనుకి నిన్ను కూర్చోబెట్టడానికి షావుకారు ఒప్పుకున్నాడు. నెగ్గుకొస్తే ఆ పీట ఇక నీదే. లేకపోతే పక్కవీధి మీసాలాయన కాచుకుని ఉన్నాడు. అతనికి రెండు భాషలూ సగం సగమే వచ్చు, మీసాలు మాత్రం పూర్తిగా వచ్చాయి.

సముద్రం అవతలి పొడుగాయన ఈ వారమే ఓడ దిగుతాడు. కొట్టులో సగం సరుకు ఆయనే కొంటాడు. షావుకారు మాట ఆయనకి అర్థం కాదు, ఆయన మాట షావుకారుకి అర్థం కాదు. కాలేజీలో నేర్పినట్టు ఉన్నది ఉన్నట్టు చెప్పు. షావుకారు కోపంలో అనేవి మాత్రం నీ చెవి దగ్గరే ఆపేయ్.

ఇట్లు, పలక పట్టిన నీ తాతయ్య

తా.క. ముఖ్యమైన ముక్క మర్చిపోయాను. టీ వచ్చాక గ్లాసులు ఖాళీ అయ్యేదాకా అక్కడ ఎవ్వరూ మాట్లాడరు. నువ్వూ మాట్లాడకు.

*

తాతయ్యకి, నీ పంతులమ్మ నమస్కారాలు.

ముఖ్యమైన ముక్క అడుగున రాస్తారా ఎవరైనా? నేను అడుగుదాకా చదివేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

మొదట అంతా బాగానే ఉంది. వెనక గదిలో తివాచీ పరిచారు. పొడుగాయన దాన్ని తిరగేసి, ముళ్ళు గోటితో గీరి చూసి తల ఊపాడు. అప్పుడే టీ వచ్చింది. ముందు నా గ్లాసే నింపారు. కొత్తపిల్లనని మర్యాద చేస్తున్నారనుకున్నాను. ఖాళీగా ఎందుకని, పొడుగాయనతో "అంచు రంగు వెలుస్తుందేమో అడగమంటారా?" అన్నాను. చావింట్లో ఈల వేసినట్టు చూశారు ఇద్దరూ. ఆ తర్వాత తాగినంతసేపూ ఉలుకూ పలుకూ లేదు. గ్లాసులు సాసర్లలో బోర్లించాకే నోళ్ళు తెరుచుకున్నాయి.

షావుకారు నన్ను తివాచీ చుట్టల వెనక్కి పిలిచాడు. "అమ్మాయ్, టీ గ్లాసు చేతిలో ఉండగా మాట్లాడితే ఎదుటివాణ్ణి నమ్మనట్టు లెక్క. అది వాళ్ళ దేశం ఆచారం. మీ తాత చెప్పలేదా?"

మెట్లు దిగుతూ పొడుగాయన మెల్లగా అన్నాడు. "పర్వాలేదమ్మా. కానీ మీ దేశం ఆచారం నువ్వే మర్చిపోతే ఎలా?"

తాతయ్యా, వాళ్ళ భాషతో పాటు వాళ్ళ పద్ధతులూ చదివాను. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు. ఇక మనవాళ్ళు టీ తాగేటప్పుడు ఎంత గోల చేస్తారో నీకు చెప్పాలా? ఇంతకీ ఆచారం ఎవరిది? దుబాసీ గ్లాసు ముందు నింపడమేమిటి?

ఉంటాను, నీ మనవరాలు

తా.క. టీ తాగుతూ నువ్వు నోరు మూసుకున్న రోజు నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

*

అనుమానాల పుట్టకి, అమాయకుడైన తాతయ్య రాసేది.

ఆచారం ఎవరిదో తేల్చడానికి నువ్వేమన్నా జడ్జీవా? ఎవరిదైతేనేం, ఇద్దరూ పాటిస్తున్నారు. దుబాసీ గ్లాసు ముందు ఎందుకంటే, గదిలో అందరికంటే ఎక్కువ వాడేది ఆ నోరే. దాన్ని ముందు తడపాలి. ఇందులో పుస్తకాల దాకా వెళ్ళాల్సింది ఏముంది?

నువ్వు మధ్యలో మాట్లాడావు కాబట్టి దిద్దుకునే దారి ఒకటుంది. ఎవరు మాట్లాడినా ఆ టీ పారబోసి, వేడి వేడిగా కొత్త టీ పోయించి, మౌనం మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు దోషం పోతుంది.

మీ అత్త పలక దాచేసింది. నేను అతిగా మాట్లాడుతున్నానట.

ఇట్లు, ఏమీ ఎరగని నీ తాతయ్య

తా.క. పీట ఎడమకాలు కుంటిది. కుడివైపు ఒరిగి కూర్చో.

*

తాతయ్యకి,

నీ దోష పరిహారం ఇద్దరికీ చదివి వినిపించాను. ఇద్దరూ ఎంతో గౌరవంగా విన్నారు. అక్కడే కొంప మునిగింది.

టీ పోశారు. పొడుగాయన తుమ్మాడు. తుమ్ము మాటా కాదా అని కళ్ళతోనే చర్చించుకుని, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ పోయించారు. ఈసారి కూలీ తలుపు తోసుకొచ్చి, "ఈ చుట్ట ఎక్కడ దింపమంటారు?" అన్నాడు. మళ్ళీ టీ. "చక్కెర సరిపోయిందాండీ?" అని టీ అబ్బాయే అడిగాడు. మళ్ళీ టీ. సరిగ్గా చివరి గుక్కలో షావుకారుకి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. సాయంత్రం కొట్టు కట్టేసేసరికి ఒక్క తివాచీ విప్పలేదు. ఇద్దరూ వంతులవారీగా పెరట్లోకి పరుగెత్తడమే సరిపోయింది.

నిన్న ఇక నావల్ల కాలేదు. ఇది ఇక్కడి ఆచారమూ కాదు, అక్కడి ఆచారమూ కాదని ఇద్దరికీ చెప్పేశాను.

"ఆయన ముందు ఆయన పద్ధతిని తీసిపారేస్తావా?" అన్నాడు షావుకారు. "మాకు చాలా గౌరవమని చెప్పు."

"మీ పద్ధతికి సిగ్గుపడకు తల్లీ," అన్నాడు పొడుగాయన. "నాకు చాలా గౌరవమని చెప్పు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మాకలాంటి పద్ధతే లేదే" అని ఇద్దరూ అన్నారు. అదీ చెప్పాను. ఎదుటివాడు మనసు కష్టపెట్టుకుని తన ఆచారాన్నే కాదంటున్నాడని ఇద్దరికీ అనుమానం. పొడుగాయన బసకి వెళ్ళిపోయాడు, ఇవాళ రాలేదు. ఆయన ఎక్కాల్సిన ఓడ రేవులో సిద్ధంగా ఉంది. మీసాలాయన పొద్దున్నే వచ్చి నా పీట ఊపి చూశాడు.

"మీ తాత మాట మేమిద్దరం నమ్ముతాం. ఉత్తరం తెప్పించు, లేదా పీట దిగు" అన్నాడు షావుకారు. చదివి వినిపించడానికి ఒక కాగితం రాసి పంపు. అబద్ధం ఒక్క ముక్క ఉన్నా చదవను.

నీ మనవరాలు

తా.క. మౌనం పాటించడంలో మీసాలాయన దిట్ట. ఏ భాషలోనూ మాట్లాడటం లేదు.

*

పంతులమ్మకి, ఇది వాళ్ళిద్దరికీ చదువు. ఒట్టేసి చెబుతున్నా, అంతా నిజమే.

షావుకారు గారికీ పొడుగాయన గారికీ పాత దుబాసీ నమస్కారాలు.

మా పిల్ల చెప్పింది నిజం. ఆ మౌనం ఈ దేశానిదీ కాదు, ఆ దేశానిదీ కాదు. మీ కొట్టులోనే పుట్టింది. దాన్ని మొదలుపెట్టినాయన్ని నేను బాగా ఎరుగుదును. పెద్దమనిషి, అందగాడు, ఈమధ్యే కాస్త ఒంట్లో బాగాలేదు. మీరిద్దరూ ఇన్నేళ్ళూ ఎదుటివాడి కోసమని నోరు కట్టుకున్నారు. ఇందులో ఎవరూ ఎవర్నీ చిన్నబుచ్చింది లేదు. ఇకమీదట మౌనం ఉంచుకుంటారో మానేస్తారో మీ ఇష్టం. ఈ పిల్ల మాత్రం నాలాంటిది కాదు, విన్నదే చెబుతుంది. పోగొట్టుకోకండి.

ఇట్లు, మీ ఇద్దరి మాటలూ మోసినవాడు

తా.క. మీసాలాయన్ని పీట ఊపొద్దనండి. అసలే కుంటిది.

*

తాతయ్యకి,

పొడుగాయన్ని బసనుంచి పిలిపించి, ఇద్దరికీ చదివాను. టీ లేకుండానే చాలాసేపు మౌనం.

చివరికి పొడుగాయన, "అయితే మీరు టీ తాగుతూ మాట్లాడతారా?" అని అడిగాడు.

"మాట్లాడటమేంటి, అరుస్తాం," అన్నాడు షావుకారు. "మీరో?"

"మేమూ అంతే."

సరే, ఒకసారి మాట్లాడుతూ తాగి చూద్దామనుకున్నారు. ఆయన గుక్క తాగుతుంటే ఈయన మాట, ఈయన తాగుతుంటే ఆయన మాట. మధ్యలో నేను అటూ ఇటూ తిరగడమే. అంచు రంగు దగ్గర మాటా మాటా పెరిగి, పరిచిన తివాచీ చుట్టేసేదాకా వచ్చింది. షావుకారే బల్ల మీద చరిచి, "చాలు, పాత పద్ధతే బాగుంది" అన్నాడు. కొత్త టీ వచ్చింది. అందరం నోరు మూసుకుని తాగాం. గ్లాసులు బోర్లించేసరికి ఇద్దరి కోపమూ దిగింది. బేరం కుదిరింది. సరుకు ఓడకెక్కుతోంది. పీట నాదే. మీసాలాయన మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయాడు.

ఒక్క సంగతి. వాళ్ళు మాట్లాడుతూ తాగినంతసేపూ నేను ఒక్క గుక్క ముట్టుకోలేదు. చూసుకునేసరికి నా టీ మీద తొక్క కట్టింది. అది చూడగానే నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది.

తాతయ్యా, ఆ అందగాడు ఎవరు?

నీ మనవరాలు

తా.క. పీట కాలు కింద అట్టముక్క పెట్టాను. ఇన్నేళ్ళూ ఆ పని ఎందుకు చేయలేదు నువ్వు?

*

పీట సొంతదారుకి, పట్టుబడ్డ అందగాడు దీవించి ఒప్పుకునేది.

నేనే. ఇంకెవరు?

మొదటి సీజనంతా అక్కడ నేను ఒక్క గ్లాసు వేడిగా తాగలేదు. ఆయన ఆపితే ఈయన, ఈయన ఆపితే ఆయన. మాటలు నా నోట్లో, టీ వాళ్ళ నోళ్ళలో. ఒకరోజు షావుకారు చెవిలో, "టీ గ్లాసు చేతిలో ఉండగా మాట్లాడితే వాళ్ళ దేశంలో తప్పండీ" అన్నాను. తర్వాత పొడుగాయన చెవిలో, "మా దేశంలో తప్పండీ" అన్నాను. ఒకే అబద్ధం, రెండు భాషల్లో, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా. మీ కాలేజీలో ఇంతకంటే ఏం నేర్పుతారు?

ముందు పోసిన గ్లాసే అన్నిటికంటే వేడిగా ఉంటుంది కాబట్టి, దుబాసీ గ్లాసు ముందు అన్నదీ నేనే. బోర్లించడం మాత్రం నా పని కాదు. వాళ్ళిద్దరిలో ఎవరు మొదలెట్టారో నాకూ తెలీదు.

నా గొంతు రాగానే వస్తాను. పీట నీకే ఉంచుకో, నాకు గోడ పక్కన ఒక గ్లాసు చాలు.

ఇట్లు, వేడి టీకి మొహం వాచిన నీ తాతయ్య

తా.క. మాట్లాడితే రెండో గ్లాసు పోయించాలన్న రూలు మాత్రం పాతది కాదు. ఆ రోజు నీకు ఉత్తరం రాస్తుంటే మీ అత్త చల్లారిన టీ పెట్టి వెళ్ళింది. ఇంకో గ్లాసు వేడిగా దొరికితే బాగుండుననిపించింది. చేతిలో కలం ఉంది కదా అని రాసేశాను.