గాలి మిషనుకు తొడుగు కప్పిన నేరం నా పేర వ్రాయించుట గురించి

కాలుష్య నియంత్రణ కార్యాలయపు ప్రధానాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మేడ మీద తమ శాఖవారు బిగించిన గాలి కొలిచే మిషను పద్నాలుగు నెలలపాటు తప్పు అంకెలు చూపుట – అందుకు కారకుడను నేనే అయి ఉండుట – నాపై చర్య తీసుకొనుటలో జరుగుచున్న జాప్యము – గురించి.

సూచిక: ఇదే విషయమై లోగడ నేనిచ్చుకున్న మూడు అర్జీలు. (దేనికీ జవాబు లేదు. ఒకదానికి రసీదు ఉంది.)

1. నేను ముప్పై ఆరేళ్ళు త్రాసులు బాగుచేసి బతికినవాణ్ణి. వీధిలో నన్ను తూకాల తాత అంటారు. నేను బాగుచేసిన ప్రతి త్రాసు అడుగునా ఒక చిన్న చుక్క కొట్టి ఉంటుంది. అది నా గుర్తు. తూకం తేడా వస్తే షాపువాడు ఆ చుక్క చూసుకుని తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి నన్ను కడిగేసేవాడు. నేను నోరు మూసుకుని పడేవాణ్ణి. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. తమ శాఖ అంకెల కింద ఎవరి చుక్కా కనబడక ఇబ్బంది పడుతున్నానని మనవి చేయడానికి మాత్రమే.

2. మా వీధి చివర ఇనుము కరిగించే కర్మాగారం ఉన్నది. దాని పొగ మీద ఫిర్యాదులు రాగా తమ శాఖవారు మా మేడ మీద నాలుగు బోల్టులు వేసి మిషను బిగించారు. ప్రతి మంగళవారం తమ ఉద్యోగి ఒకాయన వచ్చి దాని లోపలి తెల్ల కాగితం మార్చి, పాతది కవర్లో పెట్టి తీసుకుపోయేవారు. గాలిలోని మసి ఆ కాగితానికి ఎంత పడితే అంత అంకె. మేమాయన్ను కాగితాలాయన అనేవాళ్ళం.

3. నా భార్య దర్జీ. మా ఇంట్లో టీవీకి తొడుగు, ఫ్రిజ్జుకు తొడుగు, రిమోటుకు ప్లాస్టిక్ కవరు. కుట్టుమిషనుకైతే రెండు, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి ఉండాలని. అలాంటి మనిషి మేడ మీద బోసిగా నిలబడ్డ మిషనును చూసి ఊరుకుంటుందా?

"ఏవండీ, సర్కారువారి వస్తువు. మసి పట్టి పాడైపోతే రేపు మనల్ని అడగరూ? ఆ టేపు అటు పట్టుకోండి" అంది.

పట్టుకున్నాను. ఎత్తు మూడడుగుల రెండంగుళాలని కొలత చెప్పింది కూడా నేనే. ఆమె పాత దుప్పటితో నాడా తొడుగు కుట్టింది. చుట్టాలొచ్చే ముందు సోఫా మీది గుడ్డ తీసేసినట్టు, మంగళవారం పొద్దున్నే తొడుగు తీసి, ఉతికి ఆరేసి, మిషను తళతళలాడేలా తుడిచి పెట్టేది. ఆయన మెట్లు దిగగానే మళ్ళీ కప్పేది. "మా మిషన్లన్నిట్లోకీ మీ ఇంట్లోదే శుభ్రంగా ఉంటుందమ్మా" అని ఆయన ఒకసారి అన్నందుకు వారమంతా మురిసిపోయింది. మూత పెట్టిన త్రాసు తూకం వేయదని నాకు తట్టలేదు. ముప్పై ఆరేళ్ళ పనివాడికి తట్టలేదు! ఛీ.

4. తత్ఫలితముగా మా వీధి అంకెలు దివ్యంగా వచ్చినవి. ఆరో నెలలో, పొగగొట్టానికి మసిని ఆపే ఫిల్టరు పెట్టాలన్న తమ ఉత్తర్వును తామే రద్దు చేసినారు. తరువాత శాఖామాత్యులవారు స్వయంగా విచ్చేసి, వీధి మొదట "స్వచ్ఛమైన గాలి గల వీధి" అని బోర్డు ఆవిష్కరించి, "యంత్రం అబద్ధం చెప్పదు" అని సెలవిచ్చారు. నిజమే. అబద్ధం చెప్పలేదు, మేమే దాని ముక్కు మూశాం. నా భార్య ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. మధ్యలో దగ్గు తెర వచ్చి, సభకు అడ్డమని బయటికి వెళ్ళిపోయింది.

5. ఆ దగ్గు ఎనిమిది నెలలు సాగింది. "ఈ వీధి గాలికేమండీ, బోర్డే పెట్టారుగా. నా ఒంట్లోనే ఏదో తేడా ఉంది" అనేది. గురువారం ఆస్పత్రిలో చేర్చాను. ఆదివారం పోయింది.

మంగళవారం కాగితాలాయన వచ్చాడు. తొడుగు తీసే మనిషి లేదు.

"ఇదేంటి తాతగారూ?"

"మసి పడకుండా, బాబూ."

"ఎప్పట్నుంచి?"

చెప్పాను. ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. ఆయన మొహం చూశాక నాకు తట్టింది. నేనూ పక్కనే కూలబడ్డాను.

ఆయన తప్పేమీ లేదని ఇందుమూలముగా ధ్రువపరచుచున్నాను. మర్నాడే పైవారికి చెప్పిన నిజాయితీపరుడు. వారం తిరక్కుండా ఆయన్ను దూరపు కార్యాలయానికి బదిలీ చేశారు. మిషనును పీకి, చెట్లున్న పెద్ద పార్కులో బిగించారు. పద్నాలుగు నెలల అంకెలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పటికీ మంగళవారం పొద్దున్నే మేడ ఊడుస్తున్నాను. ఎందుకని అడిగేవాళ్ళు లేరు గనక అడ్డు లేదు.

6. బోల్టులు పీకిన నాలుగు రంధ్రాల్లోంచి వాన నీరు కారుతున్నది. చిన్న విషయమే. ఉన్నది గనక వ్రాసితిని.

7. నా నేరం నమోదు చేయించుకొనుటకై తమ కార్యాలయమునకు పదకొండుసార్లు వచ్చితిని. మొదటి కిటికీ గుమాస్తా "మీ మీద మీరే ఫిర్యాదు చేసుకోడానికి మా దగ్గర ఫారం లేదు తాతా" అన్నాడు. ఇంజినీరుగారు "గాలి మా పరిధి. గుడ్డ మా పరిధి కాదు" అన్నారు. తమ సహాయకులైతే తలుపు దగ్గరగా వేసి, "ఆ అంకెలు మంత్రిగారి నోటంట వచ్చేశాయండీ. ఇప్పుడవి తప్పంటే ఎవరి ఉద్యోగం పోవాలి? ఇంటికెళ్ళి పడుకోండి" అని హితవు పలికారు. ఇంటికెళ్తే ఏముందండీ పడుకోడానికి?

దాపరికమెందుకు, ఇంకో మాట కూడా చెప్పేస్తాను. తమ వరండాలో బెంచీ మీద కూర్చుంటే, "నలభై మూడూ!" అని నా టోకెను పిలుస్తారు. కొన్ని వారాలు నన్ను నోరారా పిలిచే పిలుపు అదొక్కటే. ఒకసారి వినబడనట్టు ఊరుకున్నాను, మళ్ళీ పిలుస్తారని. పిలిచారు. ఈ తప్పును కూడా నా లెక్కలో వేసుకోగలరు.

8. మా కింది వాటాలోకి కొత్త దంపతులు దిగారు. అమ్మాయికి ఏడో నెల. "బాబాయిగారూ, వీధి మొదట్లో బోర్డు చూసే ఈ ఇల్లు తీసుకున్నాం. పుట్టే బిడ్డకి మంచి గాలి కావాలి కదా" అంది నవ్వుతూ. వచ్చే ఇరవయ్యో తేదీన కర్మాగారపు రెండో పొగగొట్టానికి తమరు అనుమతి ఇవ్వబోతున్నారట. ఆధారం మా మేడ మీది అంకెలేనట.

కావున తమను వేడుకొనునది: ఆ అంకెలు కొట్టివేయవలెను. ఇరవయ్యో తేదీకి ముందే మా మేడ మీద మళ్ళీ కొలిపించవలెను. బోర్డు పీకించవలెను. తప్పు ఎవరిదని పైవారు అడిగితే నా పేర వ్రాయవలెను. నా భార్య పేర వద్దు. ఆమె ఒక వస్తువును బాగా చూసుకుంది, అంతే. ఇంతమంది పెద్దల్లో ఇది నాదని ఒప్పుకునేవారు ఒక్కరూ లేకపోతే, నేనున్నాను. నా చుక్క కొట్టండి.

ఈ ముసలివాని మొర చిత్తగించి, నన్ను దోషిగా స్వీకరించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
తూకాల తాత
(మేడ మీద నాలుగు రంధ్రాలున్న ఇల్లు)

జతపరచినది: తొడుగు, ఒకటి.

తా.క. బాబూ, వెనకటి మూడు అర్జీలకు దీన్ని జతచేయలేదు. సాక్ష్యమని తెలుసు. మనసొప్పలేదు. నిన్న మధ్యాహ్నం మేడ మీద బట్టలారేస్తూ కింది వాటా అమ్మాయి దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. అందుకని పంపుతున్నాను. ఇది ఆఖరి వారం తొడుగు, ఉతకలేదు. దీని మీద ఉన్నది ఒక్క వారం మసి. అదే వారం మీ కాగితం తెల్లగా ఉంది, పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ రోజు కాగితాలాయన నాడా విప్పకుండానే పైకి లాగేశాడు. ఆ ముడి మా ఆవిడ వేసిందే. గుడ్డ ఎంతైనా కొలుచుకోండి, కత్తిరించుకున్నా ఏమీ అనను. ముడి మాత్రం విప్పనివ్వకండి. పనైపోయాక కబురు పెడితే నేనే వచ్చి తీసుకుంటాను.