నీలవేణి కళ్ళమందు

నీలవేణీ,

బొబ్బిలి హాస్టల్లో మన పిల్ల సుహాసిని సామాన్లు తీసీసుకోమని మళ్ళీ ఫోన్ సేసినారు. నేనొక్కడినే ఎల్తన్నాను. నిద్దరట్టిందని నిన్ను లేపలేదు.

కళ్ళమందు గూట్లో ఉన్నాది. ముందు గోరెచ్చటి గుడ్డ కళ్ళమీద ఏసుకో, తర్వాత రెండు కళ్ళల్లోనూ ఒక్కో సుక్క ఎయ్యి. సీసా మూతి కంటికి తగలనీకు. మంటెడితే నలపకు. ఫేను గాలి మొకానికి కొట్టకుండా మంచం జరిపీసుకో. అన్నం వండీసినాను, తిను.

జొరంతో పిల్ల పోయిన నాడు నువ్వు ఏడవలేదని మా అక్క అందరి ముందూ అనీసినాది కదా. నిన్న ఆళ్ళింటికెళ్ళి సెప్పినాను. "దాని కళ్ళల్లో నీళ్ళు ఊరడం లేదక్కా, ఎండిపోనాయని డాక్టరే సెప్పినాడు" అన్నాను. అక్క తలొంచీసుకున్నాది. ఇంక నువ్వెవలికీ ఏటీ సెప్పుకోనక్కర్లేదు. పిల్ల దుప్పటి ఉతక్కుండా పక్కలో ఎట్టుకుని పడుకుంటన్నావు. అది నాకు తెలుసు.

సాయంత్రం బస్సుకి వచ్చీస్తాను.

గిరి

ఇంకో మాట. నీకు రాని కన్నీళ్ళు నాకొస్తన్నాయని, నీ ముందు ఏడవలేక ఆవులసాలలోకెళ్ళి ఏడుస్తన్నాను. రేపట్నుంచి నీ పక్కనే కూకుని ఏడుస్తాను. ఏటీ అనుకోకు.