నేను గెలిస్తే సెట్టింగ్

ఆదివారం, చూలైలో మా ఇల్లు

వెనక షాక్ అబ్జార్బర్లు కాస్త గట్టిచేస్తే కారు మలుపులో మాట వింటుందని ఎన్నాళ్లుగా చెబుతున్నానో. స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగా పోయి దారికి గుర్తుగా పెట్టిన కోన్‌ను గుద్దుతోంది. అన్న వింటే కదా. ఈ పొద్దున రేసు మైదానంలో అన్న టీకి వెళ్లగానే నేనే నేల మీద పడుకుని రెండు వైపులా వాటిని గట్టిచేసే నాబ్‌లు తిప్పేశాను.

ఇద్దరం నడిపింది ఆ ఒక్క కారే. అన్న తన పాత టైమ్ కంటే బాగా చేశాడు. నేను అన్న కంటే బాగా చేశాను. ఒక్క కోన్ కూడా పడలేదు.

గెలిచిన కప్పు ఇంకా నా చేతిలోనే ఉంది. అన్న ఫ్రెండు మునిరత్నం వచ్చి, నన్ను చూసి, అన్న భుజం తట్టాడు.

"పాపకు బండి సెమగా, సూపర్‌గా సెట్ చేసిచ్చినావు మచ్చా."

అన్న నవ్వాడు. కాదనలేదు. పోయినసారి అన్న గెలిచినప్పుడు ఇదే మునిరత్నం "ఏం తోలినావు మచ్చా" అన్నాడు. అన్న గెలిస్తే డ్రైవింగ్, నేను గెలిస్తే సెట్టింగ్. చేసిన సెట్టింగ్ కూడా నాది కాకుండా పోయింది.

తిరిగి వస్తుంటే, పెరంబూరు దాటాక, కారు అద్దాలన్నీ ఎక్కించి మెల్లగా అడిగాడు.

"వెనక ఎంత తిప్పినావే?"

అక్కడ అందరి ముందూ అడగడానికి అన్నకు నోరు రాలేదు. నేనేమో ఎంత తిప్పానో, ఎందుకు తిప్పానో అన్నీ వివరంగా చెప్పాను. అద్దాలు దించి అడగమని మాత్రం అనలేకపోయాను.