తడిబట్టల తత్త్వం

మార్చి 2, సోమవారం

లిఫ్ట్ మళ్ళీ ఆగిపోయింది. మాది ఆఖరి అంతస్తు, ఐదోది. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. మెట్లు దిగకూడదన్నారు డాక్టరు. ఇరవై రెండున వార్డు ఎన్నిక. ఫుట్‌పాత్ వేయిస్తానని తవ్వించి వదిలేసిన కౌన్సిలరే మళ్ళీ నిలబడ్డాడు. అత్తయ్య పడింది ఆ గోతిలోనే. నా మోకాలు తిన్నవాడికి నా ఓటు రుచి చూపించకపోతే నేను మనిషినే కాదు, అంటోంది.

మార్చి 4, బుధవారం

అసోసియేషన్ మీటింగ్. పాత లిఫ్ట్ కంపెనీనే పిలవాలని సెక్రటరీగారు, కొత్తదాన్ని పిలవాలని రెండో అంతస్తు డెంటిస్టు. మాటా మాటా పెరిగి ఒక ప్లాస్టిక్ కుర్చీ గాల్లోకి లేచింది. ఎవరికీ తగల్లేదు. అందుకు కొందరు బాధపడ్డట్టే కనిపించారు.

మార్చి 6, శుక్రవారం

సెక్రటరీగారు ఐదంతస్తులెక్కి వగరుస్తూ వచ్చారు. కాలేజీలో ఫిలాసఫీ చెబుతారు కదమ్మా, ఆదివారం మనవాళ్ళకి కోపం తగ్గే ముక్కలు నాలుగు చెప్పండి అన్నారు. స్టోయిక్కులని, పాతకాలపు గ్రీకు తాత్త్వికులు, వాళ్ళ గురించి చెబుదామనుకుంటున్నాను. ఏళ్ళ తరబడి చెబుతున్నదే. అందులో నేను నమ్మేదెంతో ఇప్పటికీ తేలలేదు.

మార్చి 8, ఆదివారం

చెప్పాను. రెండు వేల ఏళ్ళ కిందట బానిసా చక్రవర్తీ ఒకే పాఠం చదువుకున్న బడి అది అన్నాను. లోకంలో కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు, లేనివాటి కోసం బీపీ పెంచుకోవద్దన్నాను. చప్పట్లు! నా క్లాసులో ఆవలింతలు తప్ప వినలేదు నేను. ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఊరి పనిలో చెయ్యి వేయడం మనిషి ధర్మమని కూడా ఆ స్టోయిక్కులే చెప్పారు. ఆ రెండో సగం మొదలుపెట్టేలోపు టీ వచ్చింది. అందరూ లేచారు.

మార్చి 9, సోమవారం

లిఫ్ట్ మన చేతిలో లేదు కనుక శాంతచిత్తంతో స్వీకరించాలని తీర్మానం. ఏకగ్రీవం. ఈ బిల్డింగ్ పుట్టాక ఇదే మొదటి ఏకగ్రీవమట. నోటీసు బోర్డు మీద కింద నా పేరు వేసి కృతజ్ఞతలు చెప్పారు.

మార్చి 11, బుధవారం

డెంటిస్టు కారు మా పార్కింగ్‌లో ఉంది. ఏమిటండీ అంటే, ఖాళీ ఎక్కడ దొరుకుతుందో నా చేతిలో లేదు మేడం, అన్నాడు. నాలుగో అంతస్తు కుర్రాడి డ్రమ్స్ మోత. వాళ్ళమ్మనడిగితే, వాడు నా చేతిలో లేడండీ, ప్రశాంతంగా ఉంది, అంది. నేరుగా సెక్రటరీగారి దగ్గరికెళ్ళి, మీరు సగమే విన్నారు అని గొంతు పెంచాను. ఆయన చిరునవ్వు నవ్వి, కోపం వద్దమ్మా, మీరే చెప్పారుగా అన్నారు. నా వేలితో నా కన్నే పొడిచారు.

మార్చి 12, గురువారం

కోపం రాలేదని మనసులో చాలాసార్లు అనుకున్నాను. వచ్చింది.

మార్చి 13, శుక్రవారం

అసలేం చెప్పావమ్మాయ్ వాళ్ళకి, అంది అత్తయ్య. రెండో సగంతో సహా చెప్పాను. జడ అల్లుకుంటూ విని, మరి నా చేతిలో ఏముంది అంది. మీ మనసు, అన్నాను. దానితో లిఫ్ట్ కదలదే, ఇంకేముందో చెప్పు అంది. ఏముంటుంది అత్తయ్యా, ఎక్కడ కూర్చోవాలన్నది తప్ప, అన్నాను. నోరు మూసుకోవలసింది.

మార్చి 14, శనివారం

అత్తయ్య పొద్దున్నే మా ఆయన చేత పేము కుర్చీ మోయించింది. మీ ఇద్దరిదీ తత్త్వం, నాది కూలి, అని గొణిగారాయన. కుర్చీ వేయించింది మా గుమ్మం ఎదురుగా, డాబా తలుపుకి అడ్డంగా. బిల్డింగ్ మొత్తం బట్టలారేసేది ఆ డాబా మీదే!

సెక్రటరీగారి భార్య బకెట్టుతో పడుతూ లేస్తూ వచ్చి, పిన్నిగారూ కాస్త జరగండి అంది. జరగడం నా చేతిలో లేదు తల్లీ, ఆపరేషన్ మోకాలు, అంది అత్తయ్య. నీ బకెట్టూ నా చేతిలో లేదు. శాంతంగా స్వీకరించు.

తలుపు చాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇది స్థితప్రజ్ఞతా, మొండితనమా? రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పుస్తకాల్లో ఉన్నట్టు గుర్తు లేదు.

మార్చి 16, సోమవారం

మెట్ల రెయిలింగ్ పొడుగునా దుప్పట్లు, లుంగీలు, చెప్పకూడని బట్టలు. డెంటిస్టు వచ్చి, పోలీసులకి చెప్పాల్సొస్తుందండీ అన్నాడు. అత్తయ్య కట్టుడుపళ్ళు ఇకిలించి, ఇవీ నావి కావు నాయనా, కావాలంటే పీక్కుపో అంది.

సెక్రటరీగారు నన్ను పక్కకి పిలిచి, మీరైనా ఆవిడకి నచ్చచెప్పండమ్మా అన్నారు. ఆవిడ నా చేతిలో లేరు అనడం ఎంత సులువు! నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, లోపల్నుంచి ఇంకో కుర్చీ తెచ్చుకుని అత్తయ్య పక్కన కూర్చున్నాను. ఆ ఆదివారం టీతో ఆగిపోయిన సగం అక్కడే మొదలుపెట్టాను. తడి బకెట్లతో మెట్ల మీద నిలబడ్డవాళ్ళు ఎక్కడికి పోతారు? ఈసారి చప్పట్లు లేవు. ఎవరూ ఆవలించనూ లేదు.

మార్చి 18, బుధవారం

సెక్రటరీగారు ఆరని ప్యాంటుతో ఆఫీసుకెళ్ళి తుమ్ముకుంటూ వచ్చారు. సాయంత్రానికి ఆయన పాత కంపెనీకి, డెంటిస్టు కొత్త కంపెనీకి ఎవరికి వారే ఫోన్ చేశారు. ఇద్దరు మెకానిక్కులూ వచ్చి ఒకరి పని ఒకరు తిట్టిపోసుకుంటూ కలిసి బాగుచేశారు. అత్తయ్య కుర్చీ జరిపించింది.

మార్చి 22, ఆదివారం

అత్తయ్య లిఫ్టులో దిగింది. ఓటు వేసింది. గోతి దగ్గర ఆగి కాసేపు దాన్నే చూసింది.

మార్చి 24, మంగళవారం

వాడే గెలిచాడు. అత్తయ్య టీవీ వైపు తాపీగా చూసి, మళ్ళీ ఎన్నికెప్పుడే అంది. ఐదేళ్ళకన్నాను. సరే, ఈలోపు రెండో మోకాలు చేయించుకుంటానని లేచి వెళ్ళిపోయింది. టీవీ ముందు నిలబడి వాణ్ణి తిడుతున్నది నేనే.